గట్టర్ పని కొసరు కాదు నాన్నా

నాన్నా,

అమ్మ మోకాళ్ల సంగతి చెల్లి చెప్పింది, నూనె రాసుకుంటోందని విన్నాను. ఇక్కడ బ్రిటన్‌లో నేను, నీ కోడలు, పిల్ల ముగ్గురం బాగున్నాం. ఫోన్లో నీకు సరిగ్గా వినపడటం లేదు, నేను ఒకటి అంటే నువ్వు ఇంకోటి అనుకుని పెట్టేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. చెల్లి నెమ్మదిగా చదివి వినిపిస్తుంది, మధ్యలో లేచి వెళ్లిపోకు.

ఆదివారం నువ్వన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "చూరులో ఆకులు తీయడానికి ఆరేడు వేల రూపాయలు తీసుకుంటావా, ఎవరి ఉసురైనా తగులుతుందిరా" అన్నావు. వేరే ఎవరైనా అంటే ఊరుకునేవాణ్ణి. నలభై ఏళ్లు ఇళ్ల కప్పుల మీద బతికినవాడివి నువ్వు, నీకే అన్యాయంగా అనిపించిందంటే నేను సరిగ్గా చెప్పలేదనే అర్థం. కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

మన ఇంటికి వాన పడితే నీళ్లు చూరు మీంచి నేరుగా వాకిట్లో పడతాయి, అమ్మ గంగాళం పెట్టి పట్టుకుంటుంది, అంతే కదా. ఇక్కడ అలా వదలరు. కప్పు కింద అంచు పొడుగునా ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా సగానికి చీల్చినట్టు ఒక కాలువ ఉంటుంది, దాన్నే గట్టర్ అంటారు. పాత ఇళ్లకైతే పోత ఇనుముది. కప్పు మీది నీళ్లన్నీ అందులో పడి, మూలనున్న నిలువు గొట్టం లోంచి భూమిలోకి పోతాయి. అది పూడిపోయిందనుకో, నీళ్లు పొంగి గోడ మీదుగా కారతాయి. ఇక్కడ వాన మనలా కుండపోతగా కురిసి వెళ్లిపోయేది కాదు, రోజుల తరబడి ముసురు. గోడ ఆరడానికి సందే ఉండదు. లోపల రంగు ఉబ్బి ఊడుతుంది, మూలల్లో నల్లగా బూజు పడుతుంది, పిల్లలకి దగ్గు. అంటే నేను తీసేది ఆకులే కానీ కాపాడేది గోడని.

నా అసలు పని కిటికీ అద్దాలు తుడవడమని నీకు తెలుసు. నాలుగు వారాలకోసారి అవే వీధులు, అవే ఇళ్లు. సబ్బు లేదు, గుడ్డ లేదు. లవణాలన్నీ తీసేసిన నీళ్లు, పొడుగాటి తేలిక కర్ర, చివర బ్రష్. నేల మీద నించునే మేడ మీది అద్దం కడిగేస్తాను, ఆ నీళ్లు ఆరితే మరక మిగలదు. ఒక మామూలు ఇంటికి 14 పౌండ్లు, 20 నిమిషాల పని. కర్ర ఎత్తడం, పక్కింటికి నడవడం, పలకరింపులు అన్నీ కలుపుకుంటే గంటకి 35 పౌండ్ల దాకా వస్తుంది. ఈ అంకె గుర్తుపెట్టుకో, తర్వాత దీనితోనే పని.

2021లో నీ కోడలి నర్సు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక మొదటి చలికాలం. అద్దాలు తుడుస్తుంటే ఒకాయన బయటికొచ్చి, ఎలాగూ ఉన్నావు కదా, ఆ గట్టర్ కూడా చూసెయ్ అన్నాడు. నేను కింద నించునే పైకి చూసి ఇరవై పౌండ్లు ఇవ్వండి చాలన్నాను. మన కాశీనగర్ సంతలో కూరలు కొంటే చివర్లో గుప్పెడు కరివేపాకు వేస్తారే, అలా అనుకున్నాను. అసలు ఎలాగూ వస్తోంది, ఇది కొసరు అని.

నాన్నా, ఆ గట్టర్లో ఏముందో నువ్వు చూడాల్సింది. ఆకులు కావు. ఆకులు ఎప్పుడో కుళ్లి, చెరువు పూడిక తీసినప్పుడు అడుగున వస్తుందే నల్లటి ఒండ్రు, అచ్చం అలా అయిపోయి ఉంది, అదే వాసన కూడా. దాని మీద జానెడు చెట్లు మొలిచాయి, వేళ్లు గట్టర్ పొడుగునా చాపలా అల్లుకుపోయాయి. పురుగుల కోసం పక్షులు పెంకుల మీది నాచు పీకి పడేస్తాయి, ఆ ముద్దలన్నీ అందులోనే. నిలువు గొట్టం నోట్లో సరిగ్గా బిరడా కొట్టినట్టు ఒక టెన్నిస్ బంతి. కింద నించునే పైనున్న చెత్త పీల్చే వాక్యూమ్ మిషన్ అద్దెకి తెచ్చాను, దాని గొట్టం రెండుసార్లు అడ్డుపడింది, రెండుసార్లూ ముక్కలు ముక్కలుగా విప్పి, ఆ చలిలో వేళ్లతో తీశాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ టైంలో అద్దాలే తుడిచి ఉంటే 58 పౌండ్లు వచ్చేవి, నాకొచ్చింది 20. పైగా చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుందని నాకు తెలియదు, గొట్టం తగిలి ఒక అతుకు విడిపోయింది. తెలిసినవాణ్ణి పిలిపించి బాగు చేయించడానికి 35 పౌండ్లు నా జేబులోంచే పోయాయి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే నువ్వు గుర్తొచ్చావు. కింద నించుని గుత్త చెప్పకు, నిచ్చెన వేసి వాసం తట్టి చూసి అప్పుడు చెప్పు అని నువ్వు ఎన్నిసార్లు అనేవాడివి! వందసార్లు విన్నాను, ఒక్కసారీ చేయలేదు.

ఇప్పుడు నా రేటు ఎలా కడుతున్నానో చెప్తాను, నీ గుత్త లెక్కే ఇది, ఊరు మారింది అంతే. నేను తిరిగే వీధుల్లో ఎక్కువ ఇళ్లు రెండేసి జంటగా, మధ్య గోడ ఒకటే అయి ఉంటాయి. అలాంటి ఒక ఇంటికి ముందూ వెనకా కలిపి గట్టర్ 13 మీటర్లు అనుకో. తీయడానికి 50 నిమిషాలు. మిషన్ దించడం, గొట్టాలు బిగించడం, చివర్లో కడిగి వ్యాన్లో సర్దడం ఇంకో అరగంట. మొత్తం గంటా ఇరవై నిమిషాలు. అద్దాల లెక్కనే ఆ టైం విలువ 47 పౌండ్లు. అంతకంటే ఒక్క పౌండు తగ్గినా నేను అద్దాలు వదిలి ఈ పని చేయడంలో అర్థం లేదు. ఆ పైన 13 పౌండ్లు మిషన్ అరుగుదలకి, విరిగే క్లిప్పులకి, ఇన్సూరెన్సుకి. అలా 60 పౌండ్లు అయింది. నువ్వు కోప్పడిన ఆరేడు వేలు ఇదే నాన్నా.

కొందరు మీటరుకింత అని చెప్తారు. నేనూ ఒక ఏడాది అలా చెప్పి చూశాను. కుదరదు. పది మీటర్ల ఇంటికైనా ముప్పై మీటర్ల ఇంటికైనా మిషన్ దించడం, ఎత్తడం ఒకటే, చిన్న ఇల్లు వచ్చిన ప్రతిసారీ నష్టమే. అందుకే ఎంత చిన్నదైనా 50కి తక్కువ చెప్పను. చుట్టూ ఖాళీ ఉన్న పెద్ద ఇంటికి 90. ఒంటి అంతస్తు ఇంటివాళ్లు, మాది ఎత్తు లేదు కదా తగ్గించు అంటారు. ఎత్తు లేదు నిజమే, కానీ కప్పు నాలుగు వైపులా దిగుతుంది, పొడుగు ఎక్కువ, కాబట్టి పెద్దగా తేడా రాదు. ఇంటి వెనక అద్దాల గది ఉంటే 25 కలుపుతాను. దాని మీదుగా గొట్టం ఏటవాలుగా చాపి పట్టుకోవాలి, భుజాలు పడిపోతాయి, చెయ్యి జారితే కప్పు అద్దం పగులుతుంది. నిలువు గొట్టం లోపల అడ్డుపడితే అది వేరే పని, ముందే చెప్తాను, చివర్లో బిల్లులో పెట్టను. చివర్లో కలిపేవాళ్లంటే నీకు ఎంత చిరాకో నాకు గుర్తుంది.

తగ్గించడం కూడా ఉంది. నెలనెలా అద్దాలు చేయించుకునేవాళ్లకి 10 తగ్గిస్తాను, ఎందుకంటే వాళ్ల వీధి నాకు దారి, పెట్రోలు కలిసొస్తుంది, డబ్బు కోసం రెండుసార్లు అడగక్కర్లేదు. జంట ఇళ్ల సంగతి ఇంకా ఉంది. రెండిళ్లకీ గట్టర్ ఒకటే, మధ్యలో అడ్డు ఉండదు. ఒకరిది తీసి ఒకరిది వదిలేస్తే మొదటి పెద్ద వానకే పక్కింటి చెత్త ఇటు కొట్టుకొస్తుంది, చేసిన పని బూడిదలో పోసినట్టే. అందుకే పక్కింటివాళ్లనీ అడగమంటాను, ఇద్దరూ కలిస్తే 100. వాళ్లకి ఇరవై మిగులుతుంది, నాకు మిషన్ ఒక్కసారే దింపడం. ఈ మాట చెప్పడం మొదలుపెట్టాకే నాకు పని బాగా పెరిగింది.

టైం కూడా చూసుకోవాలి. అక్టోబరులో తీయమని ఫోన్లు వస్తాయి, డబ్బు వస్తుంది కదా అని వెళ్లిపోతే నెల తిరక్కుండా మళ్లీ నిండుతుంది. చెట్లు పూర్తిగా ఆకు రాల్చేది నవంబరు చివరికి, ఆ తర్వాతే తియ్యాలి. ఆకంతా రాలేదాకా ఆగండని చెప్తే కొందరు వేరేవాణ్ణి పిలుచుకుంటారు, సరే. ఆగినవాళ్లు మాత్రం నన్ను వదలరు. పని అయ్యాక కర్ర చివరి కెమెరాతో ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది ఫోటోలు తీసి పంపుతాను. కింద నుంచి కనపడని పనికి డబ్బు ఇస్తున్నారు పాపం, చూపించడం నా బాధ్యత.

నువ్వు ఇంకోటి అడిగావు, నిచ్చెన వేసి చేత్తో తీస్తే మిషన్ ఖర్చు ఉండదు కదా అని. నాన్నా, ఇక్కడ ఎత్తు పనులకి 2005లో నియమాలు వచ్చాయి. వాటిలో మొదటి మాట ఏమిటంటే, నేల మీద నించుని చేయగలిగే పనికి అసలు పైకి ఎక్కొద్దు అని. నేను చదవగానే నువ్వే కళ్లముందు కనపడ్డావు.

2018 అక్టోబరులో టిట్లీ తుఫాను వెళ్లాక మన జిల్లా ఎలా ఉందో మర్చిపోలేం. కొబ్బరి చెట్లు నేలకూలి, వీధి వీధంతా కప్పులు లేచిపోయి, అందరూ నీ కోసమే వచ్చారు. కాశీనగర్, పర్లాకిమిడి, అవతల ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి కూడా. ఆ నెల నువ్వు ఎంత అడిగినా ఇచ్చేవాళ్లు. నువ్వు అంతకు ముందు నెల కూలే తీసుకున్నావు, నేను నిచ్చెన పట్టుకుని ఉన్నాను, చూశాను. అదే నెల తడిసిన వాసం విరిగి పడి, మూడు నెలలు మంచం మీద ఉన్నావు. ఆ మూడు నెలలకీ ఎవరు కూలి ఇచ్చారు నాన్నా? ఎవరూ ఇవ్వలేదు, వాళ్ల తప్పూ కాదు, ఎందుకంటే నీ రేటులో ఆ రోజుల లెక్క ఎప్పుడూ లేదు. అమ్మ గాజులు అమ్మింది. నా రేటులో ఆ లెక్క ఉంది. గాలివాన వచ్చిన వారం కూడా నేను అరవయ్యే తీసుకుంటాను, పైసా పెంచను, అది నీ దగ్గర నేర్చుకున్నది. కానీ మామూలు రోజుల్లో బేరానికి తగ్గించను కూడా.

ఉచితంగా చేసే ఇల్లు లేదా అని అమ్మ అడిగిందట. ఉంది. ఎనభై దాటిన ఒకావిడ, ఒక్కతే ఉంటుంది, ఏటా డిసెంబరులో ఆవిడది చేసి టీ తాగి వస్తాను. అది నా ఇష్టంతో చేసేది, దాన్ని రేటు అనను. మొహమాటానికి అందరికీ ఇరవైకి చేసుకుంటూ పోతే ఆవిడకి ఊరికే చేసే స్తోమత నాకు ఉండేది కాదు.

ఉత్తరం పెద్దదైంది, చెల్లికి గొంతు నొప్పి పుడుతుందేమో. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు మాట్లాడినట్టే రాయమన్నారని మన తెలుగు మాస్టారు అనేవారు, అలాగే రాశాను. ఒడియా బడిలో చదివినవాణ్ణి, తప్పులుంటే చెల్లిని దిద్దుకుని చదవమను.

ఒక్క పని మాత్రం చెయ్యి. జ్యేష్ఠం వచ్చేస్తోంది, వానలు పడకముందే మన వంటింటి వైపు పెంకులు తిరగేయించాలి. చెల్లి ఖాతాలో పది వేలు వేశాను. నువ్వు ఎక్కొద్దు, నిచ్చెన దొడ్లోనే ఉండనీ. నీ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లలో ఎవరినైనా పిలువు, ముందు పైకెక్కి చూసి రేటు చెప్పమను. చెప్పాక బేరం ఆడకు. మధ్యాహ్నం భోజనం మనింట్లోనే పెట్టండి. ఆ పదివేలు చాలకపోతే చెల్లితో ఒక్క ముక్క చెప్పించు, పంపుతాను.

నీ పెద్దాడు