బుధవారం నా ఆపరేషన్, షాపు సెలవు, పురుటి కిట్‌లో మార్పులు

అందరికీ నమస్కారం. వచ్చే బుధవారం ఉదయం నాకు సిజేరియన్. సోమవారం సాయంత్రం నుంచి కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపేస్తున్నాను, మళ్లీ మిషన్ ముందు కూర్చునేది ఆరు వారాల తర్వాతే. ఇంతవరకే చెప్పి ఊరుకోవచ్చు. కానీ నా బ్యాగు నేను సర్దుకుంటుంటే, ఇన్నాళ్లూ మీకు అమ్మిన పురుటి కిట్‌లో ఒక పెద్ద పొరపాటు కనిపించింది. అది మీకు చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: తెనాలిలో మా ఇంటి ముందుగదిలోనే ఫీడింగ్ నైటీలు, పసిపిల్లల జుబ్బాలు, పొత్తిగుడ్డలు కుడతాం. నేను, మా పిన్ని, ఇంకో అమ్మాయి. గుడ్డ విజయవాడ వస్త్రలత నుంచి తెచ్చుకుంటాం. ఆసుపత్రికి కావాల్సినవన్నీ ఒకే సంచిలో పెట్టి 2,450 రూపాయలకి ఇచ్చే కిట్ మొదలుపెట్టి ఏడాదిన్నర దాటింది, రెండొందలకు పైగా పంపాం. ఆ కిట్‌ని నేను నా మొదటి కాన్పును గుర్తుచేసుకుంటూ తయారుచేశాను. మా పాపప్పుడు నార్మల్ డెలివరీ, పొద్దున పుడితే సాయంత్రానికల్లా లేచి బాత్రూమ్‌కి నడిచి వెళ్లాను. అప్పుడు నాకు ఏవి పనికొచ్చాయో అవే కిట్‌లో పెట్టాను. ఈసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, 37వ వారం స్కాన్‌లో కూడా తల కిందకి తిరగలేదు, అందుకని మా డాక్టరమ్మ 39 వారాలు నిండాక తేదీ ఇచ్చారు.

పోయిన ఆదివారం మా కిట్ ఒకటి విప్పి, అందులోవి నా బ్యాగులోకి సర్దుకుందామని కూర్చున్నాను. డాక్టరమ్మ, నర్సమ్మ చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కో వస్తువూ దానితో సరిచూస్తే చాలా వాటికి టిక్ పెట్టలేకపోయాను. ముందు ప్యాంటీలు. మేం పెట్టేవి నడుము కిందకి ఉండే రకం, వాటి ఎలాస్టిక్ సరిగ్గా కోత పడే చోటికే వస్తుంది. నిరుడు గుంటూరు నుంచి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది, "అక్కా, కుట్ల మీద రాసుకుంటోంది, వేసుకోలేకపోయాను" అని. నేను ఒక సైజు పెద్దవి పంపి, పని అయిపోయిందనుకున్నాను. సైజు కాదు అసలు సంగతి, ఎలాస్టిక్ ఎక్కడ ఆనుతోందన్నది. ఆ పచ్చి కుట్లతో ఆ పిల్ల ఎంత బాధపడిందో నాకప్పుడు తట్టలేదు. ఈ మధ్య తనకి ఫోన్ చేసి క్షమించమని అడిగాను, ఇక్కడ మీ అందరినీ కూడా అడుగుతున్నాను.

ఇది ఏ ఒకరిద్దరి సమస్యో కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద చూస్తే 21.5. అంటే నా దగ్గర కిట్ కొన్నవాళ్లలో ఎంతమంది కోత మీద ఆ ఎలాస్టిక్ వేసుకుని ఉంటారో! నేను ముందే అడగాల్సింది, "నార్మలా, ఆపరేషనా" అని. ఇకనుంచి అడుగుతాను, కిట్ కూడా రెండు రకాలు చేస్తున్నాను.

ఆపరేషన్ కిట్‌లో ఏం పెడుతున్నానో నా బ్యాగు చూపిస్తూ చెప్తాను, కొనకపోయినా మీ ఇంట్లో ఉన్నవాటితో సర్దుకోవడానికి పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు, బ్యాగు ఒకటి కాదు, మూడు. నడుములో మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక కొన్ని గంటలు కాళ్లు మన మాట వినవు, యూరిన్ పైపు ఉంటుంది, ఒక చేతికి సెలైన్. మనం లేచి సంచిలో వెతుక్కునే పని ఉండదు, ఏది కావాలన్నా మా ఆయనో మా అమ్మో తీయాలి, వాళ్లకేమో ఏది ఎక్కడుందో తెలియదు. అందుకే మూడు గుడ్డ సంచులు కుట్టి వాటి మీద పెద్ద అక్షరాలతో "థియేటర్‌కి", "అమ్మకి", "బిడ్డకి" అని రాశాను. థియేటర్ సంచిలో రెండు పొత్తిగుడ్డలు, ఒక టోపీ, సాక్సులు, ఒక డైపర్, అంతే. బిడ్డ పుట్టగానే నర్సు తలుపు తీసి బయట ఉన్నవాళ్లని "గుడ్డలివ్వండి" అని అడుగుతుంది, అప్పటికి మనం లోపల బల్ల మీదే ఉంటాం, కుట్లు వేస్తుంటారు. ఆ ఒక్క నిమిషంలో పెద్ద సూట్‌కేసు గుమ్మరించి వెతికే పరిస్థితి రాకూడదు. మనవైపు పొత్తిళ్లకి పాత నూలు చీరలు, పంచెలే వాడతారు కదా, అవే మెత్తగా ఉంటాయి. కొత్తవి కొన్నా రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేసి పెట్టండి. మేం పంపేవి ఇకనుంచి ఉతికే పంపుతాం.

నైటీల సంగతి. ఇన్నాళ్లూ మేం కుట్టినవాటికి చేతులు బిగుతు, చూడ్డానికి బాగుంటుందని 13 అంగుళాలు పెట్టేదాన్ని. చేతికి సూది, ట్యూబు ఉన్నప్పుడు అందులోంచి చెయ్యి దూరదు. ఇప్పుడు 18 అంగుళాలు పెట్టాను, ముందువైపు పై నుంచి కింది దాకా బటన్లు, జిప్పు తీసేశాను, పొడవు చీలమండ పైకి తగ్గించాను, నడుస్తుంటే కాళ్లకి అడ్డం పడకుండా. రంగులు ముదురువే. మూడు నైటీలు చాలు, నాలుగోది ఇంటికొచ్చేటప్పుడు. మా అమ్మ చీర కూడా పెట్టమంటోంది, కానీ లంగా బొందు కట్టేది పొట్ట మీదే కదా, వద్దన్నాను.

ప్యాంటీలు నడుము పైదాకా వచ్చేవి, ఎలాస్టిక్ బొడ్డు పైన ఉండాలి, మామూలు కంటే రెండు సైజులు పెద్దవి. ప్యాడ్‌లు తప్పకుండా పెట్టుకోండి, పెద్దవి, రెండు ప్యాకెట్లు. ఆపరేషన్ అయితే రక్తస్రావం ఉండదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. రక్తం వచ్చేది గర్భసంచిలో మాయ అంటుకున్న చోటి నుంచి, కాబట్టి ఏ కాన్పయినా అది తప్పదు, కొన్ని వారాలు ఉంటుంది.

చిన్న దిండు ఒకటి. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా, మంచం మీంచి లేస్తున్నా పొట్టకి అదిమి పట్టుకుంటే కుట్ల దగ్గర నొప్పి తగ్గుతుందట, ఇంటికొచ్చేటప్పుడు కారు కుదుపులకీ అదే. మిగిలిన నూలు గుడ్డలతో కుడుతున్నాం, కిట్‌లో ఉచితం. పడుకునే తాగడానికి స్ట్రా ఉన్న సీసా, జారని చెప్పులు (కాళ్లు వాస్తాయి, వదులువి తీసుకోండి), పొడుగు చార్జింగ్ వైరు.

కిట్ నుంచి తీసేసినవి కూడా చెప్పాలి. ఉగ్గుగిన్నె తీసేశాను. చూడముచ్చటగా ఉంటుందని పెట్టాను, కానీ అది కనిపిస్తే పెద్దవాళ్లు తేనె నాకించడమో, ఆముదం పట్టడమో, పంచదార నీళ్లు పొయ్యడమో చేస్తారు. ఏడాదిలోపు పిల్లలకి తేనె ప్రమాదం, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆపరేషన్ అయినవాళ్లకి పాలు పడటం ఒక రోజు ఆలస్యం కావచ్చు, ఆ భయంతోనే చుట్టూ ఉన్నవాళ్లు తొందరపడతారు. ముర్రుపాలు కొంచెమే వచ్చినా ఆ పసిపొట్టకి సరిపోతాయని, పొట్ట మీద బరువు పడకుండా బిడ్డని చంక కింద పెట్టుకుని పట్టొచ్చని నర్సమ్మ చూపించింది. కాటుక, పౌడరు కూడా తీసేశాను. పొట్ట బెల్టు తీసేశాను, అది డాక్టరు చెబితే కొనుక్కోవాల్సిందే తప్ప నేను అందరికీ అంటగట్టకూడదు.

బ్యాగులో పెట్టేవి కాదు గానీ, ముందురోజే చూసుకోవాల్సినవి కొన్ని. సీమంతం గాజులు, మెట్టెలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసేయండి, కాళ్లూ చేతులూ వాచి ఉంటాయి, అక్కడికి వెళ్లాక సబ్బు రాసి లాగితే ఏడుపొస్తుంది. గోళ్ల రంగు తుడిచేయండి, వేలికి పెట్టే క్లిప్పు వెలుతురుతో ఆక్సిజన్ చూస్తుంది, రంగు దానికి అడ్డు. ఇంట్లో రేజర్ వాడొద్దు, చిన్న గాటు పడినా ఇన్ఫెక్షన్‌కి దారి. నాకు ఆరు గంటల ముందు నుంచి తిండి, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు కూడా వద్దన్నారు. పాలు తిండి కిందే లెక్క, కాబట్టి పొద్దున్నే కాఫీ లేదు. మా అమ్మకి ఈ మాట నాలుగుసార్లు చెప్పాను. ఫైల్లో స్కాన్‌లు, బ్లడ్ గ్రూప్ రిపోర్టు, తల్లీబిడ్డల కార్డు, ఇద్దరి ఆధార్‌లు, ఇన్సూరెన్స్ లేదా ఆరోగ్యశ్రీ కాగితాలు. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, పేర్ల స్పెల్లింగ్ అక్కడే సరిచూసుకోండి.

ముహూర్తం గురించి నన్ను చాలామంది అడుగుతున్నారు, ఫలానా తేదీలోపు కిట్ అందాలి అని. కిట్ అందిస్తాను, కానీ మంచి ఘడియ కోసం 39 వారాలకంటే ముందుకి జరపమని మాత్రం డాక్టర్‌ని ఒత్తిడి చేయొద్దు, తొందరగా తీసిన బిడ్డలకి ఊపిరి ఇబ్బందులు వస్తాయి. మా అత్తగారు కూడా ముందు వారంలో ఒక మంచిరోజు చూపించారు. డాక్టరమ్మ ఆవిడని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు, ఒప్పుకున్నారు.

ఇక ఆర్డర్లు. బిడ్డ పుట్టకముందు బట్టలు ఇంట్లోకి తేకూడదనే పట్టింపుతో "పుట్టాక పంపండి" అన్నవాళ్లవి 11 ఉన్నాయి, అన్నీ కుట్టి, ఉతికి, పేర్లు రాసి పెట్టాం. మీరు కబురు పెట్టిన రోజే పిన్ని ఆర్టీసీ కార్గోలో వేస్తుంది. పాత కిట్ తీసుకుని ఇంకా కాన్పు కానివాళ్లకి ప్యాంటీలు, నైటీలు ఊరికే మార్చిస్తాం, పార్సిల్ ఖర్చు కూడా మాదే. కాన్పు అయిపోయి అవి వాడలేకపోయినవాళ్లకి ఆ ప్యాంటీల డబ్బు, కిట్‌కి 360 రూపాయలు, వెనక్కి ఇస్తాను, బిల్లు అక్కర్లేదు. నేను తిరిగొచ్చేదాకా మధ్యాహ్నం 2 నుంచి 5 లోపు పిన్నికి వాయిస్ మెసేజ్ పెట్టండి, ఆవిడకి టైపింగ్ రాదు, వాయిస్ అయితే వెంటనే జవాబిస్తుంది.