డ్రాగన్‌కి జీను ఎక్కడ కడతావమ్మా?

చి॥ అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైందని లెక్కపెట్టింది అమ్మే, నేను కాదు.

నీ నవల పది పేజీలు బాబి ప్రింటు తీసిచ్చాడు. రెండుసార్లు చదివాను. బాగుంది. ఆ పిల్ల లారీ అంత డ్రాగనెక్కి మూడు రోజులు ఆగకుండా ఎగురుతుంది కదా, మరి తిండి? వనస్థలిపురం పిన్ని ఏదో అంది, నువ్వు ఉద్యోగం మానేశావని. పిన్ని మాటలకేం గానీ.

లెక్కల మాస్టారి కూతురివి, నీకు చెప్పాలా? కొలతలన్నీ రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, రెక్కల వైశాల్యం నాలుగు రెట్లే. ఎగిరిన జంతువుల్లో అతి పెద్దవాటిలో ఒకటైన క్వెట్జల్‌కోట్లస్‌కి రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి పది మీటర్లు, బరువు 200, 250 కిలోలే అంటున్నారు. బుల్లెట్ బండి కంటే కాస్త ఎక్కువ, అంతే! బిర్లా మ్యూజియంలో కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడి "దీనికి రెక్కలేవి?" అని ఏడ్చింది నువ్వే. సరే, మంత్రం అను, ఒప్పుకుంటాను. పుష్పకాన్ని ఎవరు లెక్క అడిగారు? కూర్చోవడం దగ్గర మాత్రం ఒప్పుకోను.

మీ బాబాయ్ బరాత్‌కి మలక్‌పేటలో గుర్రం మాట్లాడాం. బెల్టు బిగించేటప్పుడు గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది. ఊపిరి వదిలాక మళ్లీ బిగించాలి. బ్యాండు మొదలైపోయింది, మామయ్య తొందరపెట్టాడు, గుర్రంవాడు ఒక్కసారే బిగించాడు. ఇరానీ హోటల్ మలుపులో గుర్రం తిరిగింది. బాబాయ్ జీనుతో సహా, గడియారం ముల్లులా, మెల్లగా పన్నెండు నుంచి మూడుకి వచ్చేశాడు. బాసికం గడ్డం కిందకి. బ్యాండువాడు బాకా పారేసి పట్టుకున్నాడు. సొట్టకి డబ్బులిచ్చింది నేనే, మామయ్య కాదు.

పక్షికి రెక్కలాడించే కండంతా రొమ్ము మీదే, కోడిని కోసేటప్పుడు చూడలేదా? అక్కడ బెల్టు కడితే రెక్క ఆడదు, వెనక్కి కడితే జారుతుంది. మావటిలా మెడ మొదట్లో కూర్చోబెట్టు. స్వెట్టర్ కూడా వేయి, పైన చలి. నీకు ఉందా స్వెట్టర్?

మానేసినా పీఎఫ్ మాత్రం కదపకు.

గోంగూర పచ్చడి, కందిపొడి పంపుతున్నాను. పార్సిల్ మీద ఆఫీసు అడ్రస్ రాయనా, రూము అడ్రస్సా?

నాన్న