అడాప్టర్ మార్చేది పిన్నును, కరెంటును కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పైచదువులకు విదేశాలు వెళ్లే పిల్లలు ఏమేం సర్దుకోవాలో పెద్ద పట్టీ వేశారు. ఆవకాయ నూనె కారకుండా ఎలా కట్టాలో మొదలుకొని మందుల చీటీ దాకా బాగానే రాశారు గానీ, కరెంటు సామాన్ల దగ్గరికొచ్చేసరికి 'ఒక యూనివర్సల్ అడాప్టర్ కొనుక్కుంటే మిక్సీ, ఇస్త్రీ పెట్టె అన్నీ వాడుకోవచ్చు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తిరుపతిలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టు నాది. ఆ ముక్క నమ్మి ఎంతమంది సామాను తగలేసుకుంటారోనని టెన్షన్ పట్టుకుని రాస్తున్నాను.

అడాప్టర్ చేసేది పిన్ను ఆకారం మార్చడం, అంతే. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ (అంటే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది). అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో ఇంకా తక్కువ, 100 వోల్టులే. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గును అడాప్టర్‌కు తగిలించి అక్కడి చదును పిన్నుల సాకెట్‌లో పెడితే లోపలికి వెళ్లేది ఆ 120 వోల్టులే కదా. 750 వాట్ల మిక్సీ ఖాళీగా ఉన్నప్పుడు ఏదో తిరిగినట్టే ఉంటుంది, నానబెట్టిన మినప్పప్పు వేయగానే మూలుగుతూ ఆగిపోతుంది, ఆగిన మోటారుకు స్విచ్ అట్లే వేసి ఉంచితే లోపల చుట్టిన రాగి తీగ (వైండింగ్) వేడెక్కి కాలుతుంది. సెలవులకు వచ్చేటప్పుడు దాన్నే బట్టల మధ్య చుట్టి తెచ్చి 'అన్నా, అమెరికాలో తిరగలేదు, కాస్త చూడు' అని నా బల్ల మీద పెడతారు. కింది మూత విప్పితే మాడిన వార్నిష్ వాసన గుప్పున కొడుతుంది, రాగి తీగ నల్లగా అయిపోయి ఉంటుంది. కొత్త మోటారు వేయడం తప్ప ఇంకేం చేసేది!

అక్కడి 120 వోల్టులను మన 230 చేసే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే పోలేదా అంటారు కొందరు. పోతుంది. కానీ 750 వాట్ల మిక్సీకి 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవడం మంచిది, దాన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. పైగా అది వోల్టేజీ పెంచుతుంది గానీ 60 హెర్ట్జ్‌ను 50 చేయదు. మిక్సీకి ఆ తేడా పట్టదు, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్‌లో ఉండేది హెర్ట్జ్‌ను బట్టి తిరిగే ఇండక్షన్ మోటారు కాబట్టి అది ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. ఇంత తంటా ఎందుకు సామీ, మన వంటకు సరిపోయే, అక్కడి కరెంటుకే చేసిన మిక్సీలు అక్కడే దొరుకుతాయి, అవి కొనుక్కోమనండి.

ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లతో ఈ బాధ లేదు. చార్జర్ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఇన్‌పుట్ అని ఉంటుంది, దాని పక్కన 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశంలోనైనా ఒక్క అడాప్టర్ చాలు. ఉత్త 230 అనో 220–240 అనో ఉంటే అమెరికాకు వద్దు. ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి అక్కడ కాలిపోవు గానీ మామూలు వేడిలో పావు వంతే ఇస్తాయి, చొక్కా మడత కూడా పోదు.

మా జిల్లాల్లో పీలేరు, మదనపల్లె వైపు నుంచి కువైట్ వెళ్లేవాళ్లు బోలెడు మంది. వాళ్లకు వోల్టేజీ గొడవ లేదు, అక్కడ 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మన సామాను చక్కగా పనిచేస్తుంది. పిన్ను మాత్రం ఇంగ్లండ్, సింగపూర్‌లో లాగా మూడు చదును పిన్నులది. ఆ సాకెట్ రంధ్రాలకు లోపల చిన్న తలుపులుంటాయి, పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్ను దూరితేనే అవి తెరుచుకుంటాయి. మనవాళ్లేమో పై రంధ్రంలో పెన్ను మూతో స్క్రూడ్రైవరో గుచ్చి రెండు పిన్నుల చార్జర్‌ను బలవంతంగా దూరుస్తారు. అది వదులుగా కూర్చుని చిటపటమంటుంది, స్క్రూడ్రైవర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. చవగ్గా దొరికే అడాప్టర్‌కు ఇంత సాహసమా? కొనేటప్పుడు ఎర్త్ పిన్ను నిజంగా లోపలి దాకా కలిసిందో, ఉత్త ప్లాస్టిక్‌దో చూసుకోవాలి. ఎర్త్ లేని అడాప్టర్‌తో మూడు పిన్నుల ల్యాప్‌టాప్ వాడితే, రేకు బాడీ ఉన్నదైతే చేయి పెట్టినప్పుడల్లా జివ్వుమనొచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా నా దగ్గరికొచ్చేది అటునుంచి ఇటు వచ్చిన సామాను. కాన్పుకు కూతురి దగ్గరికి వెళ్లిన అమ్మలు తిరిగొచ్చేటప్పుడు ఎలక్ట్రిక్ కుక్కర్, జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చుకుంటారు. 120 వోల్టులకే చేసిన దాన్ని ఇక్కడ 230లో పెడితే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది, పెట్టిన కాసేపటికే 'టప్'. ఒక పెద్దావిడ అయితే కొత్త కుక్కర్‌ను పెట్టెతో సహా తెచ్చి, 'బిడ్డ ఇష్టంగా కొనిచ్చింది నాయనా, కాలిపోయిందని చెప్పలేను' అన్నారు. లోపలి బోర్డు మాడిపోయింది, ఆ పార్టు మనకు దొరకలేదు.

గాంధీ రోడ్డులో అడాప్టర్ కొంటే దాని పెట్టె మీద 150 దేశాల్లో పనిచేస్తుందని ఉంటుంది. అది అబద్ధం కాదు, పనిచేసేది అడాప్టర్, మన మిక్సీ కాదు. చాలా వాటి మీద అది ఎంత కరెంటు తట్టుకుంటుందో 6 ఆంపియర్లో 10 ఆంపియర్లో అని కూడా ఉంటుంది, అది చూడకుండా పెద్ద హీటర్ తగిలిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. అమ్మేవాళ్లు 'ఏ దేశం, ఏం వాడతారు' అని అడిగి ఇస్తే సగం గొడవ తీరుతుంది.

వచ్చే ఆదివారం ఆ పట్టీలో ఈ ఒక్క సంగతైనా సవరించి వేయండి. పక్కన చార్జర్ లేబుల్ ఫోటో పెద్దదిగా వేస్తే చదువుకోని అమ్మానాన్నలకు కూడా ఎక్కడ చూడాలో తెలుస్తుంది. మాడిన సామాన్ల ఫోటోలు కూడా కావాలంటే మీ విలేకరిని మా కొట్టుకు పంపండి, సాయంత్రం 7 దాకా తెరిచే ఉంటుంది.

— ఒక మిక్సీ మెకానిక్, తిరుపతి