ట్రైలర్ తగిలించాక మైలేజీ ఎంత: గాజువాక బాబాయ్‌కి ఉత్తరం

ఫోర్ట్ వర్త్, టెక్సాస్

బాబాయ్‌కి, పిన్నికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో చిన్నోడి సంగతి మాట్లాడుతుంటే లైన్ కట్ అవుతూ ఉండటంతో సగమే చెప్పాను, అందుకే మిగతాది కూర్చుని రాస్తున్నాను. వాడు పెద్ద పికప్ ఒకటి తీసుకుని, వెనక టిఫిన్ ట్రైలర్ తగిలించి, కొన్నాళ్లు రుషికొండ బీచ్ దగ్గరా, చలికాలం సీజన్లో అరకులోనూ పెడదామనుకుంటున్నాడని చెప్పావు. "నువ్వక్కడ శని ఆదివారాలు అదే పని చేస్తున్నావు కదా, బండి ఎంత ఇస్తోంది?" అని అడిగావు. దీనికి ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే, వాడు ఆ అంకె పట్టుకుని బ్యాంకు లోను లెక్క వేసుకుంటాడు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు, వాడితో కూడా చదివించు.

మాది ఫోర్డ్ ఎఫ్-150, 3.5 లీటర్ల వీ6 పెట్రోలు ఇంజిన్, రెండు టర్బోలు. ఇక్కడ గ్యాలనుకి ఎన్ని మైళ్లు అని చెప్తారు. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, మైలంటే 1.609 కిలోమీటర్లు, కాబట్టి వీళ్లు చెప్పే అంకెని 0.425తో గుణిస్తే మన లీటరు లెక్క వస్తుంది. వెనక ఏమీ లేకుండా, ఖాళీ బండి హైవే మీద గంటకి 100 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పోతే గ్యాలనుకి 20 మైళ్లు వస్తాయి, అంటే లీటరుకి ఎనిమిదిన్నర. అదే రోడ్డు మీద అదే వేగంతో ట్రైలర్ లాగితే 9 మైళ్లు, అంటే లీటరుకి 3.8. సగం కూడా రాదు. ఇది మా బండి లోపం కాదు బాబాయ్, ఈ సైజు పెట్రోలు పికప్ ఏ కంపెనీది తీసుకున్నా, వెనక ఎత్తైన పెట్టె లాంటి ట్రైలర్ ఉంటే 8 నుంచి 11 మైళ్ల మధ్యే తిరుగుతుంది. చిన్నోడు వీడియోల్లో చూసి చెప్తున్న అంకెలు చాలావరకు ఖాళీ బండివి.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర లోడు అనగానే అందరూ టన్నులే అడుగుతారు, ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ బరువే చూసేవాణ్ని. మా ట్రైలర్ సామాను, నీళ్లు, గ్యాసు సిలిండర్లతో కలిపి 2,700 కిలోల దాకా ఉంటుంది. ఇంటి వెనక అరుగు కట్టించినప్పుడు ఇంచుమించు అంతే బరువు ఇటుకలూ సిమెంటూ ఒక బల్లపరుపు ట్రైలర్ మీద వేసుకొచ్చాను. ఇటుకలు బండి వెనక తలుపు ఎత్తు కూడా దాటలేదు. ఆ రోజు 13 మైళ్ల దాకా ఇచ్చింది. బరువు ఒకటే, వేగం ఒకటే, బండి ఒకటే, తేడా అంతా గాలిది. టిఫిన్ ట్రైలర్ ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు, ముందు భాగం గోడలా నిటారుగా ఉంటుంది, బండి టాప్ కంటే పైకి లేచిన ఆ గోడ ఎదురుగాలిని నేరుగా కొట్టుకుంటూ పోవాలి. ఇంకో సంగతి చెప్తే నీకు పూర్తిగా నమ్మకం కుదురుతుంది. సామానంతా అమ్ముడుపోయి, నీళ్లు వదిలేసి, తేలికైన ట్రైలర్‌తో తిరిగి వస్తుంటే మైలేజీ పెద్దగా ఏమీ పెరగదు, అర మైలో మైలో పెరిగితే గొప్ప. ఎందుకంటే గోడ ఎక్కడికీ పోలేదు.

ఇది నీ చేపల బళ్లకి కూడా పనికొచ్చే మాట. ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు పెట్టెలతో వెళ్లే నీ బొలేరోల్లో ఒకదానికి ఎత్తుగా బాక్స్ బాడీ కట్టించావు కదా, అది ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు మైలేజీ మిగతా బళ్లంత పెరగట్లేదని డ్రైవర్ మీద అనుమానపడ్డావు. డ్రైవర్ని అనకు. బాక్స్ ఖాళీ అయినా దాని ఎత్తు అలాగే ఉంటుంది, నేషనల్ హైవే ఎక్కి ఎనభై దాటించాడంటే తినే డీజిల్లో ఎక్కువ భాగం ఆ బాక్సే తింటుంది. ఓపెన్ బళ్ల మీద టార్పాలిన్ వదులుగా కట్టి, అది టపటపా కొట్టుకుంటూ పోతున్నా ఇదే నష్టం.

వేగం సంగతి కూడా ఇందులోదే. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 97 కిలోమీటర్ల నుంచి 121కి వెళ్తే (ఇక్కడి లెక్కలో 60 నుంచి 75 మైళ్లు) వేగం పెరిగింది నాలుగో వంతు, గాలి అడ్డు మాత్రం 56 శాతం పెరుగుతుంది. ఖాళీ బండికి అది భరించదగ్గదే, అంత పెద్ద గోడని లాగుతున్న బండికి నేరుగా ట్యాంకులో తెలుస్తుంది. నేను ట్రైలర్ ఉన్నప్పుడు 60, మహా అయితే 63 మైళ్లు దాటను. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బళ్లకి చట్టమే 55 మైళ్లు పెట్టింది. ట్రైలర్‌కి వేసే ప్రత్యేకమైన టైర్లలో కూడా కొన్ని 65 మైళ్ల వేగానికే తయారు చేసినవి. మీ ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్ల రోడ్డు ఎక్కగానే కుర్రాళ్లకి కాలు ఆగదు, చిన్నోడికి ట్రైలర్ ఉన్నంతసేపూ 70 కిలోమీటర్లంటే 70 అని ఒట్టు వేయించు.

మేము అప్పుడప్పుడు ఇక్కడి నుంచి అమరిల్లో అనే ఊరికి వెళ్తుంటాం, 287 నంబరు హైవే, దాదాపు 550 కిలోమీటర్లు. వెళ్లే దారంతా కంటికి తెలియనంత నెమ్మదిగా ఎత్తు పెరుగుతూ ఉంటుంది, పైగా అక్కడంతా బయలు, చెట్టూ చేమా లేదు, గాలికి పేరుపడిన ఊరు. చలికాలంలో ఉత్తరపు గాలి ఎదురుగా కొడితే 9 రావాల్సింది 7కి పడిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 11 ఇస్తుంది. అందుకే ఎవరైనా ఒక్క ట్రిప్పు అంకె చూపించి "మా బండి ఇంత ఇస్తుంది" అంటే నేను పట్టించుకోను, పోను రాను రెండూ చెప్పమంటాను. మా ట్యాంకు 26 గ్యాలన్లు, అంటే 98 లీటర్లు. ఖాళీగా అయితే ట్యాంకు మీద ఎనిమిది వందల కిలోమీటర్లు పోవచ్చు, ట్రైలర్‌తో 375 వస్తే ఎక్కువ, ఎదురుగాలి ఉన్న రోజు మూడు వందలకే బంకు వెతుక్కోవాలి. చిల్డ్రెస్ అనే ఊళ్లో లారీలు తిరగగలిగే పెద్ద బంకులో పోయించుకుంటాం, చిన్న బంకుల్లో ట్రైలర్‌తో దూరితే బయటికి రావడం టెన్షన్.

కంపెనీ వాళ్లు చెప్పే మైలేజీ గురించి కూడా అడిగావు. ఇక్కడ కొత్త బండి అద్దానికి స్టిక్కర్ అంటిస్తారు, ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతిలో పరీక్షించి వేసిన అంకెలు. ఆ పరీక్ష రోలర్ల మీద చేస్తారు, అందులో ట్రైలర్ లాగడం అనేదే లేదు. అందులోని పాత హైవే పరీక్షలో సగటు వేగం గంటకి 48 మైళ్లే, తర్వాత ఎక్కువ వేగం, ఏసీ, చలి పరీక్షలు కలిపారు గానీ ట్రైలర్ మాత్రం ఇప్పటికీ లేదు. ఇంకా పెద్ద బళ్లు, అంటే లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు 8,500 పౌండ్లు (సుమారు 3,855 కిలోలు) దాటే పికప్‌లకి అయితే ఆ మైలేజీ స్టిక్కరే ఉండదు, చట్టంలో వాటికి మినహాయింపు. లాగడానికే కొనే బళ్లకి మైలేజీ ఎంతో కొనే ముందు తెలిసే దారి లేకపోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఎంత బరువు లాగగలదు అన్న అంకెకి ఒక ప్రమాణం ఉంది, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర పెద్ద ఎత్తు మీద లాగించి చూసేది, కానీ అది లాగగలదా లేదా అనే చెప్తుంది, ఎంత తాగుతుందో చెప్పదు.

పెట్రోలా డీజిలా అంటే, ఖాళీగా ఎక్కువ తిరిగేవాడికి తేడా తక్కువ, లాగేవాడికి ఎక్కువ. మా పక్క వీధిలో తెలుగాయనకి పెద్ద డీజిల్ పికప్ ఉంది, మా బండి కంటే టన్ను బరువు ఎక్కువ, ఖాళీగా మా దానికంటే తక్కువే ఇస్తుంది, 17 దాకా. కానీ మా ట్రైలర్ దానికి తగిలిస్తే 12 ఇచ్చింది. డీజిల్ ఇంజిన్లో కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కడం, ఎక్కువ, పైగా గ్యాలను డీజిల్లో పెట్రోలు కంటే పది పన్నెండు శాతం శక్తి ఎక్కువ ఉంటుంది. టర్బో పెట్రోలు ఇంజిన్ మీద బాగా భారం పడితే లోపల వేడి తగ్గించుకోవడానికి అది పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది, అక్కడే మా బండి ఓడిపోతుంది. మన దగ్గర దొరికే హైలక్స్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ రెండూ డీజిలే కాబట్టి చిన్నోడికి ఈ చిక్కు లేదు.

ఇక ఘాట్. ఇక్కడ నేను పైన చెప్పిన లెక్క తిరగబడుతుంది, జాగ్రత్తగా చూడు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక వేగం ముప్పై నలభై మించదు, అప్పుడు గాలి అడ్డు ఏమంత లెక్కలోకి రాదు, బరువే ముఖ్యం. బండీ ట్రైలరూ కలిపి 5 టన్నులు అనుకో. దాన్ని వెయ్యి మీటర్లు పైకి ఎత్తడానికి దాదాపు 49 మెగాజూళ్ల (శక్తిని కొలిచే లెక్క) పని. లీటరు డీజిల్లో 36 మెగాజూళ్ల దాకా శక్తి ఉంటుంది, అందులో చక్రాలకి చేరేది మూడో వంతు, అంటే 12. ఆ లెక్కన కేవలం ఎత్తడానికే నాలుగు లీటర్లు, రోడ్డు మీద నడిచినందుకు అయ్యేది దీనికి అదనం. పైన ఒక బస్తా బియ్యం ఎక్కువైతే కొంప మునగదు, వంద కిలోలకి లీటరులో పదో వంతు కూడా కాదు. కానీ దిగేటప్పుడు ఆ 5 టన్నులూ బ్రేకుల మీద పడతాయి.

దిగేటప్పుడు డీజిల్ ఆదా అని న్యూట్రల్ వేసే అలవాటు మన డ్రైవర్లలో ఇంకా ఉంది. చిన్నోడికి గట్టిగా చెప్పు బాబాయ్, ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంచెం తాగుతూనే ఉంటాయి. అంటే న్యూట్రల్లో ఆదా లేదు, ప్రాణానికి ప్రమాదం మాత్రం ఉంది. ఎక్కిన గేరులోనే దిగాలి. ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే అరకు మాటే వద్దు. రిజిస్ట్రేషన్, పర్మిట్ సంగతి ఆర్టీవో ఆఫీసులో ముందే అడగమను, ట్రైలర్‌కి వేరేగా చేయించాలి.

డబ్బు లెక్క దగ్గర అందరూ ఒక చోట పడిపోతారు. చిన్నోడు ట్రైలర్‌ని అరకు తీసుకెళ్లి అక్కడ వదిలి, ఖాళీ బండితో వైజాగ్ వచ్చాడనుకో. వెళ్లేటప్పుడు లీటరుకి 4, వచ్చేటప్పుడు 8 ఇచ్చింది. సగటు 6 అనేస్తారు. కాదు. పోను 120 కిలోమీటర్లకి 30 లీటర్లు, రాను 120కి 15 లీటర్లు, మొత్తం 240కి 45 లీటర్లు, అంటే 5.33. ఆరు అనుకుంటే 40 లీటర్లకే డబ్బు కట్టుకుని, రౌండుకి ఐదు లీటర్లు చేతి నుంచి పెడతాడు. సీజనంతా తిరిగితే అది చిన్న మొత్తం కాదు. అందుకే లీటరుకి ఎంత అన్నది పక్కన పెట్టి, రౌండుకి ఎన్ని లీటర్లు అని రాసుకోమను. అదీ మీటర్ బోర్డు మీద కనపడే మైలేజీ చూసి కాదు, మాది ఎప్పుడూ ఒక మైలు ఎక్కువే చూపిస్తుంది. ట్యాంక్ టు ట్యాంక్, ఒకే బంకులో ఫుల్ చేయించి, బిల్లు దాచుకుని.

వెనక తలుపు దించి నడిపితే గాలి పోయి మైలేజీ వస్తుందని ఎవరో చెప్పారట కదా, అది వద్దు. తలుపు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ ఉండిపోయి, పై గాలి దాని మీదుగా జారిపోతుంది. దించితే లాభం లేదు, ఒక్కోసారి నష్టం.

కరెంటు పికప్ గురించి వాడికి ఆశ ఉందన్నావు. ఇక్కడ ఫోర్డ్ లైట్నింగ్, రివియన్ లాంటివి చూశాను, ఖాళీగా హాయిగా ఉంటాయి. ఎత్తైన ట్రైలర్ తగిలిస్తే వెళ్లగలిగే దూరం దాదాపు సగానికి పడుతుంది, పైగా చాలా చార్జింగ్ చోట్ల ట్రైలర్ విప్పి పక్కన పెట్టాల్సి వస్తుంది. అరకు దారిలో ఇప్పుడే ఆ ప్రయోగం చేయొద్దని నా మాట.

అడ్వాన్సు ఇచ్చే ముందు ట్రైలర్ కట్టేవాడి దగ్గర నుంచి ఎత్తు, వెడల్పు, ఖాళీ బరువు మూడూ కాగితం మీద రాయించి నాకు పంపమను. ఎత్తు ఎనిమిది అడుగులు చాలు, లోపల నిలబడి దోసె వేసే చోటు మాత్రం పైకప్పు తెరుచుకునేలా చేయించుకోవచ్చు, ముందు భాగం ఏటవాలుగా పెట్టమని అడగమను, ఎంత ఎక్కువ తీసుకుంటాడో కూడా కనుక్కోమను. అవి వచ్చిన రోజే రౌండుకి ఎన్ని లీటర్లు అవుతుందో లెక్క వేసి పంపిస్తాను.

పిన్ని మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి. సింహాచలం వెళ్లినప్పుడు మా పేర్లతో కూడా అర్చన చేయించండి.

ఇట్లు,
మీ పెద్దోడు