నాన్న చెప్పిన పదేళ్లు

తిరుపతి,
బైరాగిపట్టెడ.

ఒరేయ్ శీనా,

ఎట్లున్నావురా? ఆ రోజు ఫోన్లో "నాన్న ఇన్సూరెన్స్ క్లెయిము ఏమైంది?" అని నువ్వడిగితే తర్వాత చెప్తాలే అని పెట్టేశాను. పక్కనే నాన్న కూర్చునున్నాడు. ఆ మాటెత్తితే చాలు, "అంతా నావల్లే కదరా" అని అన్నం సగంలో వదిలేసి లేస్తున్నాడు. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. కాఫీ పెట్టుకుని కూర్చో, కథ పెద్దదే.

ముందు ఆరోగ్యం సంగతి. నాన్న బాగున్నాడు. స్టెంటు వేసినాక పొద్దున్నే కపిలతీర్థం రోడ్డులో నడుస్తున్నాడు. ఊరగాయ మానమంటే మాత్రం వినడు.

గొడవంతా కేస్ షీట్లో ఒక్క లైను గురించి. ఛాతీలో నొప్పి అంటే రాత్రికి రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లాం కదా. నేను కౌంటర్లో అడ్వాన్సు కడుతున్నా. లోపల డ్యూటీ డాక్టరమ్మ "షుగరు ఎన్నేళ్ల నుంచి ఉంది పెద్దాయనా?" అని అడిగిందంట. "ఉంటుందిలేమ్మా ఒక పదేళ్లు" అన్నాడంట మనోడు. మా నాన్న లెక్కలు నీకు తెలియనివా! బోరు వేయించి ఎన్నాళ్లయిందంటే పదేళ్లు. నువ్వు హైదరాబాద్ పోయి ఎన్నాళ్లయిందన్నా పదేళ్లే. నొప్పితో మెలికలు తిరిగే మనిషి అంతకన్నా ఏం లెక్కేస్తాడు? ఆయమ్మ విన్నది విన్నట్టు రాసింది. నిజానికి ఆయనకు షుగరని తేలింది 2021లో, కోవిడ్ టైములో చేయించిన టెస్టులో. ఆ ల్యాబ్ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. హెల్త్ పాలసీ తీసుకున్నది 2018లో, ఒక్క ఏడాది కూడా గ్యాప్ లేకుండా కడుతున్నాం.

కంపెనీ వాళ్లు చేసిందేమిటంటే, 2025లోంచి పది తీసేశారు. 2015 వచ్చింది. అంటే పాలసీకి ముందే షుగరుంది, దాచిపెట్టి తీసుకున్నారు, కాబట్టి పైసా ఇవ్వం. అయిపోయింది.

ఈ ముక్క డిశ్చార్జి రోజు సాయంత్రం దాకా చెప్పలేదురా. పొద్దున్నే డాక్టరు ఇంటికి పోవచ్చన్నాడు. చేతికున్న సూది తీసేశారు, నాన్న చొక్కా మార్చుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని మంచం మీద రెడీగా కూర్చున్నాడు. ఫార్మసీ పక్కనుండే ఇన్సూరెన్స్ డెస్కు కాడికి నేను పోతానే ఉన్నా. ఆ పిల్ల పాపం కంప్యూటర్ మా వైపు తిప్పి చూపిస్తుంది: "అండర్ ప్రాసెస్ సార్." నా పక్కన శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒకాయన, భార్యకు ఆపరేషన్, ఆయనదీ అదే వరస. 2024 మే నెలలో, ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆస్పత్రి ఫైనల్ బిల్లు పంపిన మూడు గంటల్లోపు కంపెనీ తేల్చేయాలి. లేటు వల్ల ఆస్పత్రి ఎక్కువ వసూలు చేస్తే అదీ కంపెనీయే కట్టుకోవాలి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిసుంటే మాత్రం ఆ పిల్ల మీద అరిచి ఏం లాభం, ఆమె చేతిలో ఏముంది? చివరికి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి రెండు లక్షల ఎనభై వేల చిల్లర కట్టి నాన్నను ఇంటికి తెచ్చుకున్నాం.

తర్వాత మేం కట్టిన డబ్బు వెనక్కిమ్మని రీయింబర్స్‌మెంటుకు పెట్టా. అప్పుడు మొదలైంది చూడు అసలు సినిమా. వీళ్లు నోటితో ఇవ్వమన్నా, కాగితం మీద మాత్రం రాసివ్వరు. "క్వెరీ" అంటారు. ఒరిజినల్ బిల్లులు పంపండి. పంపితే, షుగరుకు మొట్టమొదట చూపించుకున్న చీటీ కావాలి. అది పంపితే, షుగరు ఎప్పటి నుంచో డాక్టరుతో రాయించి స్టాంపు వేయించండి. డాక్టరు మంచోడు, "పేషెంటు నోటిమాట ఆధారంగా రాసింది, రికార్డుల ప్రకారం 2021 నుంచి" అని లెటర్ ఇచ్చాడు. అది పంపినాక కూడా కంపెనీ వాళ్లు పాత క్వెరీ లెటర్నే తేదీ మార్చి మళ్లీ పంపారు! కస్టమర్ కేర్‌కు చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, కథ మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. తల ప్రాణం తోకకొచ్చింది. మనిషి విసిగిపోయి వదిలేస్తాడులే అన్నదే వాళ్ల ధైర్యం అని నాకు గట్టి అనుమానం. మా వీధిలోనే ఇద్దరు అట్లా వదిలేశారు.

నేను ఫోన్లు మానేసి అన్నీ మెయిల్లోనే పెట్టడం మొదలుపెట్టా. ఏ క్లాజు కింద ఆపారు, మీ క్లెయిమ్స్ రివ్యూ కమిటీ దీన్ని చూసిందా అని రెండే ప్రశ్నలు. ఆ కమిటీ ఒప్పుకోకుండా క్లెయిము తిరస్కరించకూడదని అదే సర్క్యులర్లో ఉంది. అప్పుడు గానీ వాళ్ల నోట్లోంచి తిరస్కరణ లెటర్ రాలేదు. ఆ లెటర్ చేతికొస్తే ఏడవాల్సింది పోయి సంతోషమేసిందిరా, పట్టుకోవడానికి ఒక కాగితం దొరికిందని!

ఇంకో పెద్ద పాయింటుంది, నువ్వు కూడా గుర్తుపెట్టుకో. 60 నెలలు ఆపకుండా ప్రీమియం కట్టినాక, జబ్బు దాచారనే సాకుతో క్లెయిము కొట్టేయడానికి లేదు, మోసమని రుజువు చేస్తే తప్ప. ముందు ఇది ఎనిమిదేళ్లు, 2024 ఏప్రిల్ నుంచి అయిదేళ్లు చేశారు. అంటే నాన్న పదేళ్లన్నా, పాతికేళ్లన్నా మనకు భయం లేదు. ఒకటే మెలిక, మధ్యలో కవరేజీ పెంచుకుంటే పెంచిన భాగానికి లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. మేము మూడు లక్షల నుంచి అయిదుకు పెంచింది 2022లో. బిల్లు మూడు లోపే కాబట్టి బతికిపోయాం.

చిత్తూరులో మా బావకు ఇంకో రకం దెబ్బ. మోకాలి ఆపరేషన్. రూము అద్దె రోజుకు మూడు వేలే లిమిటు, ఆయన తీసుకుంది అయిదు వేల రూము. ఆ రెండు వేలు పోతే పోయాయి అనుకుంటాం కదా, కాదు, డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ అన్నిట్లో అదే లెక్కన నూటికి నలభై కోశారు. మందులకు, టెస్టులకు, లోపల పెట్టే మోకాలి చిప్పకు కూడా కోశారు. వాటికి ఆ కోత పెట్టకూడదు. బావను రాయమంటే "పోనీలే బామ్మర్దీ" అంటాడు. ఆయన సొత్తు మాత్రం పోలేదు, అక్క చీటీ డబ్బులు పోయాయి.

కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాస్తే పాత పాటే. అందుకని, ఇలాంటి గొడవలు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పెట్టేశా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు పోవాలి. కన్జ్యూమర్ కమిషన్‌కు పోదామని కూడా అనుకున్నా, రెండేళ్ల గడువుంది. కానీ అక్కడ కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోడు, అందుకే ముందు ఇది.

మనకు ఆఫీసు హైదరాబాద్‌లోనే, లక్డీకాపూల్ దగ్గర. హియరింగ్ వీడియోలో పెడితే సరే, రమ్మంటే నారాయణాద్రి రైలు ఎక్కి వచ్చి మీ ఇంట్లోనే దిగుతా, చెల్లెమ్మకు ముందే చెప్పిపెట్టు. ఈలోగా మీ అమ్మ పాలసీ కాగితాలు, మొదట్లో నింపిచ్చిన ప్రపోజల్ ఫారంతో సహా, ఫోటోలు తీసి పంపు. ఆమెకు బీపీ ఉందని అందులో రాశారా లేదా చూద్దాం. రెన్యూవల్ బిల్లు కూడా పంపు, 2025 సెప్టెంబరు 22 నుంచి మనలాంటి వాళ్ల సొంత పాలసీలకు జీఎస్టీ లేదు, ఏజెంటు వేశాడేమో చూస్తా.

నీ
మురళి