ఫ్రేముల కొట్టు నుంచి గ్యాలరీకి

హైదరాబాద్

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. "ఫ్రేములు కట్టుకునేవాడికి ఆర్ట్ గ్యాలరీ ఎందుకు?" అని అడిగావు. బొంబాయిలో కేకూ గాంధీ అని ఒక పార్సీ పెద్దమనిషి ఉండేవారు, ఆయన కథ విను. 1941లో కెమోల్డ్ పేరుతో ఆయనా ఫ్రేముల వ్యాపారమే మొదలుపెట్టారు. ఆరా, హుసేన్ వంటి చిత్రకారులకు అప్పుడు పేరే లేదు. వాళ్ల బొమ్మలు తన దుకాణంలో పెట్టి, వచ్చినవారికల్లా చూపించారు. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మొదటి అంతస్తులో గ్యాలరీ కెమోల్డ్ తెరిచింది 1963లో. అన్నేళ్లూ ఆయన చేతికి, కంటికి పని దొరికింది. ఫ్రేము కట్టడం చిన్నపనని నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

కాగితం మీది బొమ్మ అద్దానికి తగిలితే మన వానాకాలం తేమకు అతుక్కుపోతుంది. మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట, ఉండాల్సిందే. వెనుక చవక అట్ట పెడితే కొన్నేళ్లకు గోధుమరంగు మరకలు వస్తాయి. బొమ్మ తిరగేసి సంతకం, ఏడాది, కొలతలు చూడటం, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో కాగితాలు అడగటం నాకు ఈ ఫ్రేముల కొట్టులోనే అలవాటైంది. గ్యాలరీవాడికి ఇదే ప్రాణం. చిత్రకారుడు తోట వైకుంఠంగారు గీసే తెలంగాణ స్త్రీని తీసుకో: పెద్ద బొట్టు, మెరిసే చీర, ముక్కుపుడక. అవన్నీ ఎవరైనా దించేయగలరు. ఆ గీతలోని ధీమాను మాత్రం దించలేరు. అది పట్టుకోవాలంటే వందల బొమ్మలు దగ్గరగా చూసిన కన్ను కావాలి.

చట్టం సంగతి కూడా అడిగావు. పురాతన వస్తువులు, కళాఖండాల మీద 1972లో వచ్చిన చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన బొమ్మల వ్యాపారానికి లైసెన్సు తీసుకోవాలి. రవివర్మ బొమ్మలనైతే అమ్ముకోవడానికి దేశం దాటించకూడదు. నేను వాటి జోలికి వెళ్లను, బతికున్న చిత్రకారులే నాకు చాలు.

పి.టి. రెడ్డి, లక్ష్మా గౌడ్ వంటి చిత్రకారులు తిరిగిన ఊరు ఇది. ఇప్పటి పిల్లల్లోనూ చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. ఏడాది పొడవునా ఒక్క బొమ్మ అమ్ముడుపోకపోయినా వాళ్ల వెంట నిలబడేవాడు కావాలి. అమ్మిన రోజున వాళ్ల వాటా ఆలస్యం చేయకుండా చేతిలో పెట్టాలి. ఈ రెండూ చేయగలననే నా నమ్మకం.

నువ్వు చెప్పిన సిద్దిపేట అబ్బాయిని ఒకసారి పంపు. ఫోనులో ఫోటోలు వద్దు. అసలు బొమ్మలే తెమ్మను, చెడిపోయాయని పక్కన పడేసినవి కూడా.

నీ
మురళి