నడిబొడ్డున ఖాళీ జాగా మిగలాలి

నగరాల నడిబొడ్డున మిగిలిన ప్రతి ఖాళీ స్థలంలోనూ బహుళ అంతస్తుల భవనాలకు అనుమతులిస్తూ పోవడం వల్ల, పైసా ఖర్చు పెట్టకుండా మనిషి కాసేపు కూర్చోగలిగే చోటు కరవవుతోంది. అనుమతి ప్లానులో పచ్చరంగు పూసి ‘బహిరంగ స్థలం’గా చూపిన భాగం, నిర్మాణం పూర్తయ్యేసరికి పార్కింగుకో జనరేటర్లకో పోవడం, లేదా కాపలాదారుండే గేటు వెనక్కి చేరడం నేను పలుమార్లు గమనించాను, సాయంత్రాలు వృద్ధులు దుకాణాల మెట్ల మీద, పిల్లలు ఆపి ఉంచిన కార్ల మధ్య కనిపించేది అందుకే. పగలంతా పీల్చుకున్న వేడిని కాంక్రీటు రాత్రివేళ వదులుతుంది, ఇంకేందుకు నేల లేక వాననీరు రోడ్డెక్కుతుంది. 2030 నాటికి సురక్షితమైన, పచ్చని బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోనే ఉంది (గడువు ఎంతో దూరంలో లేదు). కాబట్టి నడిబొడ్డున కట్టే ప్రతి పెద్ద భవనం విషయంలోనూ, స్థలంలో నిర్ణీత భాగాన్ని వీధివైపు తెరిచి ఉంచి, దాన్ని పురపాలక సంస్థ పేర రిజిస్టరు చేసిన తర్వాతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వాలి. రుసుము చెల్లించి గానీ, శివార్లలో మరో స్థలం చూపి గానీ ఈ బాధ్యత నుంచి తప్పుకునే వెసులుబాటు ఎక్కడ ఉన్నా రద్దు చేయాలి.